పాటల సందేహాలు

ప్రశ్న: సుప్రీమ్స్, టెంప్టేషన్స్ బృందాలు కలిసి పాడిన ‘ఐయామ్ గొన్నా మేక్ యూ లవ్ మీ’ని మా ఆర్కెస్ట్రాలో పాడుతున్నాం. మగగొంతు తేలిపోతోంది. శ్రుతి దించాలా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: దించొద్దు. దించితే డయానా రాస్ పాడిన భాగం అమ్మాయికి మరీ కిందికి పోతుంది. ముందు ఎత్తుకునే ఎడ్డీ కెండ్రిక్స్‌ది ఫాల్సెటో, అంటే మగవాళ్ళు పై స్థాయిలో పాడే సన్నటి దొంగగొంతు. గట్టిగా పాడితే విరుగుతుంది. మెల్లగా పాడుతూ మైకును రెండంగుళాల దూరంలో పెట్టుకోమనండి. కోరస్ వాళ్ళు అడుగున్నర వెనక్కి జరగాలి. ఓటిస్ విలియమ్స్ మాటలు చెప్పేచోట డ్రమ్స్ తగ్గించి, ఎకో తీసేయించండి. మన మైకుసెట్ల వాళ్ళు మరిచిపోయేది ఇదే!

అన్నట్టు, 1969 జనవరిలో ఈ పాట అమెరికా హిట్‌ పాటల జాబితా బిల్‌బోర్డ్‌లో 2వ స్థానం దగ్గరే ఆగింది. మొదటి స్థానానికి అడ్డుపడింది దీన్ని తెచ్చిన మోటౌన్ రికార్డు కంపెనీ వాళ్ళదే, మార్విన్ గే పాట.