పాత సైనిక మెడల్స్ లండన్ వేలానికి పంపొచ్చా?

ప్రశ్న: సికింద్రాబాద్‌లో పాత సామాన్లు అమ్మే ఒకాయన దగ్గర రెండు మెడల్స్ కొన్నాను. ఒకటి బ్రిటిష్ అధికారికి 'బర్మా 1885-7' పట్టీతో (ఏ యుద్ధానికిచ్చారో చెక్కిన లోహపు పట్టీ) ఇచ్చిన వెండిది. రెండోది, నీళ్లలో మునిగిపోతున్న మనిషిని కాపాడినందుకు లండన్‌లోని రాయల్ హ్యూమేన్ సొసైటీ 1889లో ఇచ్చిన కంచుది. రెండింటి అంచు మీదా ఒకే పేరుంది. బిల్లు లేదు, డబ్బు ఫోన్‌పే చేశాను. ఇవి ఇంట్లో ఉంచుకుంటే నేరమా? లండన్‌లో ఉన్న మా బావమరిది అక్కడ వేలంలో పెట్టిస్తానంటున్నాడు, పంపొచ్చా? రేపు ఆ అధికారి వారసులొచ్చి అడిగితే ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఉంచుకోవచ్చు, పంపకూడదు. మీ బావమరిదికి ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. మీ ఉత్తరంలో అసలు ప్రమాదం ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం, చారిత్రక ప్రాధాన్యం ఉండి వందేళ్లు నిండిన వస్తువు పురావస్తువు. బర్మా యుద్ధానికి మద్రాసు సైన్యం పటాలాలు కూడా వెళ్లాయి కాబట్టి మీ మెడల్‌కి చరిత్ర లేదని ఎవరూ అనలేరు. 3వ సెక్షన్ కింద ఇలాంటివి ప్రభుత్వమో, అది అనుమతించిన సంస్థో తప్ప ఇంకెవరూ దేశం దాటించడానికి వీల్లేదు. కొరియర్‌లో పంపినా, సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టినా ఒకటే. దొరికితే వస్తువు జప్తు చేస్తారు, పైగా 25వ సెక్షన్ కింద ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, జరిమానా. 'ఇంగ్లీషువాడి మెడల్ ఇంగ్లండ్‌కే కదా పోతోంది' అనే వాదన నా దగ్గరికి చాలామంది తెస్తారు. వినడానికి బాగుంటుంది గానీ కస్టమ్స్ వాళ్ల ముందు నిలవదు. వస్తువు పురావస్తువా కాదా అనే వివాదం వస్తే తేల్చేది పురావస్తు సర్వేక్షణ శాఖ డైరెక్టర్ జనరల్, 24వ సెక్షన్ ప్రకారం.

ఈ వందేళ్ల లెక్క ఏటా ముందుకు జరుగుతుంది. ఇవాళ '1930-31 వాయవ్య సరిహద్దు' పట్టీ మెడల్ కొంటే ఇంకా వంద నిండలేదు, కొన్నేళ్లకు అదీ ఈ చట్టం కిందికొస్తుంది.

ఇంట్లో ఉంచుకోవడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ నిబంధన శిల్పాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతుల వంటి కొన్నింటికే. మీ సొంత మెడల్ దేశంలోనే ఇంకొకరికి అమ్ముకోవచ్చు. కొనడం, అమ్మడం వ్యాపారంగా పెట్టుకుంటే మాత్రం లైసెన్సు కావాలి.

వారసుల సంగతి. మునిమనవడినని చెప్పుకుంటే చాలదు. ఆ అధికారి గానీ ఆయన కుటుంబం గానీ మెడల్ అమ్మేశారో, ఎవరికైనా ఇచ్చేశారో అయితే హక్కు అప్పుడే పోయింది. దొంగిలించిందైతే కథ వేరు. అమ్మినవాడికి లేని హక్కు మీకు రాదు (వస్తు విక్రయ చట్టం, 27వ సెక్షన్). దొంగ సొత్తు విషయంలో దావా వేయడానికున్న మూడేళ్ల గడువు మీరు కొన్న రోజు నుంచి కాదు, అది మీ దగ్గరుందని అసలు యజమానికి తెలిసిన రోజు నుంచి మొదలవుతుంది. తెలిసి కొంటే క్రిమినల్ కేసు కూడా.

అందుకే బిల్లు. ఫోన్‌పే రసీదు డబ్బు ఇచ్చినట్టు చెబుతుంది, దేనికిచ్చారో చెప్పదు. ఆ వ్యాపారి దగ్గరికి మళ్లీ వెళ్లి ఒక కాగితం రాయించుకోండి: ఎవరి దగ్గర కొన్నాడు, ఎంతకు అమ్మాడు, అంచు మీది అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు, తేదీ, సంతకం. రెండు వైపులా, అంచునూ ఫొటోలు తీసి దానికి జత చేయండి. రాయనంటే అదీ ఒక సమాచారమే, అతని దగ్గర ఇంకేమీ కొనకండి.

మీరు అడగలేదు గానీ, స్కూల్ ఫ్యాన్సీ డ్రెస్‌లో పిల్లాడికి పెట్టినా తప్పు లేదు. భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ పట్టుకునేది సైనికుడినని నమ్మించాలని తగిలించుకునేవాళ్లని. పెడితే ప్రాణరక్షణ మెడల్ కుడి వైపు పెట్టండి, బ్రిటిష్ వాళ్ల పద్ధతి అదే. ఇంకోటి, మెరుపు కోసం చింతపండుతో తోమకండి. అంచు మీది పేరు అరిగిపోతే ధరా పోతుంది, రేపు కోర్టులో చూపించడానికి సాక్ష్యమూ పోతుంది.