చూపు పక్ మీద నుంచి లేవాలంటే

ఎం.వి.పి. కాలనీ,
విశాఖపట్నం.

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అమ్మా, నీ ఉత్తరం చేరింది. పార్కు రింకులో సాయంత్రం పూట, ఒకే వరుస చక్రాలున్న స్కేట్ల మీద ఆడే ఇన్‌లైన్ హాకీ నేర్చుకుంటున్న నీ పిల్లల్లో కొందరిని వచ్చే చలికాలంలో మంచు మీదికి తీసుకువెళ్లాలనుకుంటున్నావనీ, వారి స్కేటింగునూ, పక్ (కర్రతో కొట్టే బిళ్ల) పనితనాన్నీ ఏ క్రమంలో పెంచాలో చెప్పమనీ రాశావు. ఉద్యోగం పేరుతో కెనడాలో గడిపిన ఇరవై రెండేళ్లలో పద్నాలుగేళ్లు పిల్లల జట్లకు తెల్లవారుజామున ఐస్ హాకీ నేర్పినవాడిని కనుక, ఈ ఊళ్లో ఈ విషయం మాట్లాడడానికి మనిషి దొరకడమే నాకు పండుగ. అందుకే ఉత్తరం కొంచెం పెద్దదైంది.

పోయిన ఆదివారం గట్టు మీద కూర్చుని గంటసేపు మీ ఆట చూశాను. పిల్లలు వేగంగానే ఉన్నారు. అయితే పక్ కర్రకు తగలగానే ప్రతి తలా కిందికి వాలిపోతోంది. నువ్వు ఆ గంటలో కనీసం నలభై సార్లు ‘తల ఎత్తు’ అని అరిచి ఉంటావు. నేనూ ఒకప్పుడు అలా అరిచినవాడినే. నేను నేర్పడం మొదలుపెట్టిన రెండో ఏట, తొమ్మిదేళ్ల పిల్లవాడొకడు నా అరుపుకు భయపడి బలవంతంగా తల ఎత్తాడు, ఎత్తగానే కాళ్లు తడబడి చెక్క గోడకు కొట్టుకున్నాడు, మణికట్టు విరిగింది. ఆసుపత్రి వరండాలో వాడి పక్కన కూర్చున్నప్పుడు తెలిసింది, వాడు మాట వినక తల దించుకోలేదని, తన కాళ్ల మీద తనకు నమ్మకం లేక దించుకున్నాడని. తల ఎత్తడం పిల్లలకు ఆజ్ఞతో వచ్చేది కాదు. పాదాలకు కళ్లతో పని లేనప్పుడు సగం లేస్తుంది, చేతులకు కూడా కళ్లతో పని లేనప్పుడు మిగతా సగం లేస్తుంది. నేను కింద రాసేదంతా ఆ రెండు సగాల గురించే.

ముందు నిలబడే తీరు. పెద జాలారిపేట ఒడ్డున తెప్ప మీద నిలబడి అలను దాటే మనిషిని పిల్లలకు ఒకసారి చూపించు. మోకాళ్లు వంగి ఉంటాయి, నడుము పైభాగం మాత్రం నిటారుగా ఉంటుంది, అల లేచినా పడినా తల ఒకే ఎత్తులో ఉంటుంది. స్కేటింగులో కావలసిందీ అదే. మన పిల్లలు మోకాళ్లకు బదులు నడుము వంచుతున్నారు, దానితో బరువంతా వేళ్ల మీదికి పోయి చూపు దానంతట అదే నేలకు దిగుతోంది. మోకాళ్లు సరిగా వంగాయో లేదో తెలుసుకోవడానికి పిల్లవాడిని ఒక్కసారి కిందికి చూడమను. మోకాలు అడ్డుపడి బూటు మొన కనబడకపోతే సరిగా వంగినట్టు.

తరువాత తోపు. కొత్తవాళ్లు పరుగెత్తే అలవాటు కొద్దీ కాలి మునివేళ్లతో వెనక్కి తోస్తారు. చక్రం మీదైనా బ్లేడు మీదైనా బలం పక్కకు తోయడంలోనే ఉంది. కాలు పక్కకు పూర్తిగా చాచిన తరువాత, తిరిగి తుంటి కిందికి వచ్చి ఆగాలి. ఆ తిరిగి రావడాన్ని పట్టించుకునే శిక్షకులు తక్కువ. కాళ్లు ఎడంగా మిగిలిపోతే తరువాతి తోపు పొట్టిదవుతుంది, పిల్లవాడు చాలా కష్టపడుతూ నెమ్మదిగా వెళతాడు. దీనికి నాకు తెలిసిన మందు ఒంటికాలి జారుడు. ప్రతి తరగతిలో పది నిమిషాలు, ఒక కాలి మీద ఈ చివరి నుంచి ఆ గీత వరకు, తరువాత రెండో కాలి మీద. చూడడానికి చప్పగా ఉంటుంది, తల్లిదండ్రులు గట్టు మీద ఆవలిస్తారు. ఆవలించనివ్వు.

ఇక మన రింకుల్లో ప్రత్యేకంగా కనిపించే లోపం ఒకటి ఉంది. వేగపు పందేలన్నీ గడియారం ముల్లుకు ఎదురు దిశలో జరుగుతాయి. మన ఊళ్లో స్కేటింగ్ నేర్చుకునే పిల్లల్లో చాలామంది ఆ పందేల కోసమే మొదలుపెట్టినవారు కనుక, ఏళ్ల తరబడి ఒకే వైపు తిరిగి, ఎడమవైపు క్రాస్‌ఓవర్ (మలుపులో ఒక కాలి మీదుగా మరో కాలు వేయడం) గాలిలా వేస్తారు. కుడివైపు తిరగమంటే కర్రను ఊతకర్ర చేసుకుంటారు. హాకీలో ఎదుటివాడికి ఇది రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది, ఆ తరువాత ఆట ముగిసేదాకా మన పిల్లవాడిని కుడివైపుకే తరుముతాడు. అందుచేత రెండు నెలలపాటు నీ తరగతిలో తిరుగుడంతా ముల్లు తిరిగే దిశలోనే పెట్టు. పందేల శిక్షకులు నొచ్చుకుంటే నా పేరు చెప్పు.

ఆగడం గురించి ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే మంచు మీద మన పిల్లలు మొదట ఓడిపోయేది అక్కడే. ఇన్‌లైన్ మీద వారు ఒక కాలిని వెనుక అడ్డంగా ఈడ్చి ఆగుతున్నారు. మంచు మీద రెండు బ్లేడ్లనూ ఒక్కసారిగా అడ్డంగా తిప్పి, మంచును తురుముతూ ఆగాలి. దాదాపు మూడు మిల్లీమీటర్ల మందం ఉండే బ్లేడు అడుగున సన్నని గాడి ఉంటుంది, ఆ గాడి వల్ల లోపలి వైపూ బయటి వైపూ రెండు అంచులు ఏర్పడతాయి. తిరగడం, ఆగడం, తోయడం అన్నీ ఆ అంచుల పనే. చక్రానికి అంచు లేదు, కాని చీలమండను లోపలికీ బయటికీ వాల్చడం చక్రం మీద కూడా నేర్పవచ్చు. నేల మీద సుద్దతో పెద్ద ఎనిమిది అంకె గీసి, ఒంటికాలి మీద దాని వెంట పోనివ్వు. బయటి వైపుకు వాలడానికి పిల్లలు భయపడతారు. ఆ భయం పోయిన రోజున వారు మంచుకు సగం సిద్ధమైనట్టు. వెనక్కి పోవడం, ముందునుంచి వెనక్కి మళ్లడం కూడా ఈ దశలోనే రావాలి. అవి వచ్చేదాకా ఎవరినీ ‘నువ్వు డిఫెండరువి’, ‘నువ్వు ఫార్వర్డువి’ అని విడదీయకు.

బూట్ల మాట ఒకటి. ‘పెరుగుతాడు కదా, రెండేళ్లు వస్తాయి’ అని పెద్ద సైజు కొనే తల్లిదండ్రులను కాస్త గట్టిగానే అడ్డుకో. మంచు హాకీ బూటు సాధారణంగా మామూలు బూటు కంటే ఒక సైజు తక్కువే ఉంటుంది. వేళ్లు ముందు భాగాన్ని తాకీ తాకనట్టుండాలి, మడమ కదలకూడదు. వదులు బూటులో చీలమండ లోపలికి కూలిపోతుంది, అప్పుడు నువ్వు అంచుల గురించి ఎంత చెప్పినా వృథా.

ఇప్పుడు చేతులు. పాదాలు పూర్తయ్యాకే చేతులు మొదలుపెట్టమని నేను అనను. పిల్లలు వచ్చింది పక్ కోసం, అది లేకపోతే మూడో వారానికి మానేస్తారు. కాని కొత్త పాదపు పనినీ కొత్త చేతి పనినీ ఒకే అభ్యాసంలో కలపకు. పాదం పాతదైనప్పుడే చేతికి కొత్తది ఇవ్వు.

కర్ర పొడవు బూట్లు లేకుండా నిలబడితే ముక్కు దాకా, స్కేట్లు వేసుకుంటే గడ్డం దాకా ఉంటే చాలు. నీ దగ్గర ఇద్దరు పిల్లలు అన్నయ్యల కర్రలు పట్టుకుని, మోచేయి ఒంటికి అతుక్కుపోయి ఆడుతున్నారు. ఆ కర్రలను రంపంతో కోయించు. పనంతా పై చేతిది. తలుపు తాళంచెవి తిప్పినట్టు పై మణికట్టు తిరగాలి, కింది చెయ్యి వదులుగా గొట్టంలా ఉండి కర్రను తన గుండా తిరగనివ్వాలి. చాలామంది కింది చేతితో పిడికిలి బిగిస్తారు, అందుకే పక్ కర్రకు తగిలి టకటకమని దూరంగా ఎగిరిపోతుంది. ఒక వారం పై చెయ్యి ఒక్కదానితోనే ఆడించి చూడు.

ఈ పని ఇంట్లోనే ఎక్కువ సాగుతుంది. కెనడా ఐస్ హాకీ దిగ్గజం వేన్ గ్రెట్స్కీ తండ్రి బ్రాంట్‌ఫర్డ్‌లోని ఇంటి పెరట్లో నీళ్లు పోసి గడ్డకట్టించి, డబ్బాలు నిలబెట్టి కొడుకును వాటి మధ్య తిప్పేవాడు. మన పెరట్లో నీళ్లు పోస్తే దోమలు తప్ప మంచు రాదు. కాని మన ఇళ్లలో టైల్స్ నేల ఉంది. గోల్ఫ్ బంతి లాంటి చిన్న గట్టి బంతితో రోజూ పదిహేను నిమిషాలు, ముందుగా ఒంటికి దగ్గరగా, తరువాత చేతులు ఎంత సాగితే అంత వెడల్పుగా, తరువాత పక్కకు, వెనక్కి ఆడించమను. ఎదుట అమ్మనో చెల్లినో కూర్చోబెట్టి, వారు చూపించే వేళ్లెన్నో లెక్క చెబుతూ ఆడాలి. బంతి కర్ర మీద ఉన్నదీ లేనిదీ అరచేతికి తెలియాలి. తల ఎత్తడంలో రెండో సగం ఇక్కడే మొదలవుతుంది.

మీ ఇన్‌లైన్ పక్ తేలికైనది, అడుగున చిన్న బొడిపెలున్న ప్లాస్టిక్‌ది. మంచు పక్ గట్టి రబ్బరుది, 2.54 సెంటీమీటర్ల మందం, 7.62 సెంటీమీటర్ల వ్యాసం, 156 నుంచి 170 గ్రాముల బరువు ఉంటుంది. పెద్ద పోటీల్లో అది ఎగిరిపడకుండా ముందే గడ్డకట్టించి పెడతారు. ఒకటి రెండు రబ్బరు పక్‌లు తెప్పించి, నున్నని ప్లాస్టిక్ షీటు మీద, కదలకుండా నిలబడి పాసులు ఆడించు. పాసు అందుకోవడానికి క్రికెట్ క్యాచ్ పట్టినప్పుడు చేతులు వెనక్కి తీసుకునే అలవాటునే వాడుకో, కర్రను పక్ వచ్చే దారిలోనే కాస్త వెనక్కి తేవాలి. ముందుగా మణికట్టు విసురుతో కొట్టే రిస్ట్ షాట్, దానితోపాటు అందరూ మరచిపోయే, కర్ర వెనుక వైపుతో కొట్టే బ్యాక్‌హ్యాండ్ నేర్పు. కర్ర పైకెత్తి బలంగా బాదే స్లాప్ షాట్ అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు. పన్నెండేళ్లు రానీ, చూద్దాం.

తరగతి నడిపే తీరులో ఒక్క మార్పు చెయ్యి. ఆదివారం నేను చూసిన గంటలో పిల్లలు ఎక్కువ సేపు వరుసలో నిలబడే ఉన్నారు. రింకును అడ్డంగా మూడు ముక్కలు చేసి, ఒక్కొక్క దానిలో ముగ్గురు ముగ్గురుగా ఆడించు. ముప్పై, నలభై సెకండ్లు పూర్తి వేగంతో ఆడాక మార్చు. అలసిన కాలు తప్పుడు పద్ధతినే నేర్చుకుంటుంది. ఇరుకు చోటులో ఎదుటివాడు వెంటనే మీదికి వస్తాడు కనుక, తల ఎత్తకపోతే పక్ పోతుందని పిల్లవాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఒళ్లు తగిలించే ఆట మాత్రం వద్దు. అమెరికాలో సైతం 2011లో నియమం మార్చి, 12 ఏళ్ల లోపు పిల్లల ఆటలో దానిని తీసేశారు.

మంచు గురించి క్లుప్తంగా చెబుతాను. డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టిన రింకు ఉంది. లేహ్ అయితే అసలైన వాతావరణం, కాని సుమారు 3,500 మీటర్ల ఎత్తు. సముద్రపు ఒడ్డున పుట్టిన మన పిల్లలు అక్కడ మొదటి రెండు మూడు రోజులు ఏమీ ఆడకుండా ఊరికే ఉండాలి, ఆ ఖర్చును ముందే లెక్కలో వేసుకో. ఆడపిల్లల్ని పంపడానికి వెనకాడే ఇళ్లవారికి, 2025లో యు.ఎ.ఇ.లోని అల్ ఐన్‌లో జరిగిన ఐస్ హాకీ ఆసియా కప్‌లో మన దేశపు మహిళల జట్టు కాంస్యం గెలిచిందని చెప్పు. మంచు మీద మొదటి రోజు కర్రలన్నీ నీ దగ్గరే ఉంచు. ఆగడం, అంచుల మీద వాలడం, వెనక్కి పోవడం, అంతే. ఇక్కడి ఇన్‌లైన్ ఆటలో గోల్‌కీపరు కాక నలుగురు, అక్కడ అయిదుగురు, పక్ కంటే ముందు దాటకూడని ఆఫ్‌సైడ్ గీతలు కూడా ఉంటాయి. అవి రైలులో కాగితం మీద గీసి చెప్పినా సరిపోతుంది.

మన ఉప్పుగాలికి బేరింగులు తుప్పు పడుతున్నాయని రాశావు. ఆట కాగానే పొడిగుడ్డతో తుడిపించి, బూట్లను సంచిలో మూసి పెట్టకుండా ఫ్యాను కింద ఆరబెట్టించు. మంచు బ్లేడ్లకు కూడా ఇదే వర్తిస్తుంది.

వచ్చే ఆదివారం సాయంత్రం అయిదున్నరకు వస్తాను. సుద్దముక్కలు నేను తెస్తాను, రంపం మీ నాన్న దగ్గర ఉండాలి. ఆ పొడవు కర్రల పిల్లలిద్దరినీ కాస్త ముందుగా రమ్మను.

ఇట్లు,
మామయ్య