ట్యాబ్ ఒకటి, పిల్లలు నలుగురు

ప్రశ్న: మాది ఏలూరు జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాల. నాలుగు, అయిదు తరగతులకు నేనే చెబుతాను. తరగతిలో టీవీ ఉంది. దాతలు కొన్ని ట్యాబ్‌లు ఇచ్చారు. నలుగురికి ఒకటి ఇస్తే చురుకైనవాడు లాక్కుంటాడు, మిగతావాళ్లు తొంగిచూస్తూ కూర్చుంటారు. ఆడపిల్లలైతే చెయ్యి కూడా చాపరు. తలా ఒకటి ఉంటే తప్ప ఇది కుదరదా మేడమ్?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: కుదురుతుందమ్మా. తలా ఒకటి ఇస్తే తగవు తీరుతుంది గానీ, ఎవరి తెరలోకి వాళ్లు తల దూర్చేస్తారు. పక్కవాడితో మాట్లాడే అవసరమే ఉండదు. నలుగురికి ఒకటి ఉండడమే మీకు మేలు, దాన్ని వాడుకునే పద్ధతి కుదరాలి అంతే.

మీరు చూస్తున్నదాన్నే సుమారు ఇరవై ఏళ్ల కిందట బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రం వారు పల్లె బడుల్లో గమనించారు. కంప్యూటర్ చుట్టూ పిల్లలు మూగి ఉంటే, మౌస్ మాత్రం ఒక్కరి చేతిలోనే. ఉదయ్ పవార్, జోయోజీత్ పాల్, కెంటారో తోయామా కలిసి ఒకే కంప్యూటర్‌కు అనేక మౌస్‌లు తగిలించారు. ఒక్కొక్కరికీ ఒక్కో రంగు బాణం గుర్తు తెర మీద తిరిగేది. ముందు నొక్కినవాడిదే గెలుపు అన్నప్పుడు మగపిల్లలు ప్రశ్న సరిగా చూడకుండానే టకటకా నొక్కేశారు. అందరూ ఒకే జవాబు మీద నొక్కితేనే ఆట ముందుకు సాగుతుందని మార్చాక వాళ్లు బాగా నేర్చుకున్నారు. ఇందులో మౌస్‌ల సంఖ్య కంటే ఆ నియమమే నాకు ముఖ్యంగా తోస్తుంది.

మీ ట్యాబ్‌లకూ అలాంటి నియమం పెట్టండి. ట్యాబ్ పట్టుకున్న పిల్లవాడు సొంతంగా ఏదీ నొక్కకూడదు. పక్కనున్నవాళ్లు చెప్పిందే నొక్కాలి. చెప్పేవాళ్లు ఎందుకో కూడా చెప్పాలి. ఒక్కో ప్రశ్నకు ట్యాబ్ ఒక్కొక్కరి చేతికి మారాలి. మొదటి వంతు చెయ్యి చాపని ఆ పిల్లకే ఇవ్వండి. చురుకైనవాడికి మొదట్లో ప్రాణం విలవిలలాడుతుంది. జవాబు తెలిసినా తనతో ఒప్పుకోనివాళ్లకు నచ్చజెప్పవలసి రావడం వాడికీ కొత్త చదువే.

నేను పని చేసిన రోజుల్లో నాకు బాగా అక్కరకు వచ్చింది ఫోనులో ఉండే రికార్డర్. దానికి నెట్ కూడా అక్కర్లేదు. ఇద్దరిద్దరు కూర్చుని, ఒకరు పాఠం చదివితే మరొకరు రికార్డు చేసేవారు. తర్వాత ఇద్దరూ పుస్తకం ముందు పెట్టుకుని వినేవారు. 'విద్యార్థులు' అన్న మాటను 'విద్యారుతులు' అని చదివే ఒక పాప ఉండేది. నేను దిద్దితే తల దించుకునేది. ఆరోజు తన గొంతు తానే వింటుంటే, పక్క పాప పుస్తకంలో ఆ అక్షరం మీద వేలు పెట్టి, "ఇక్కడ ఒత్తు మింగేశావు" అంది. ఈ పిల్ల ఫక్కున నవ్వి, మళ్లీ రికార్డు చెయ్యమంది. నేను ఏమీ చెప్పలేదు. అయినా గంట కొట్టేదాకా ఇద్దరూ అదే పనిలో ఉన్నారు.

ఇక టీవీ. ప్లికర్స్ అని ఒక యాప్ ఉంది. ఒక్కొక్కరికీ ఒక్కో కాగితపు కార్డు ఇస్తాం. దానికి నాలుగు వైపులు, నాలుగు జవాబులు. తాము ఎంచుకున్న వైపు పైకి వచ్చేలా పట్టుకుంటే, మీ ఫోను కెమెరాతో ఒకసారి తరగతంతా చూపితే చాలు, ఎవరిది ఏ జవాబో యాప్ గుర్తిస్తుంది. పిల్లల చేతిలో ఏ పరికరమూ ఉండదు. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని టీవీ మీద ప్రశ్న చూపించి అడిగి చూడండి. మూడు కంటే నాలుగు పెద్దది కదా అని చాలామంది నాలుగో వంతే అంటారు. అప్పుడే జవాబు చెప్పేయకండి. వేరే జవాబు పట్టుకున్నవాళ్లను వెతుక్కుని వాదించుకోమనండి, ఆ తర్వాత మళ్లీ కార్డులు ఎత్తించండి. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1990లలో కాలేజీ పిల్లలకు చేసి చూపిన పద్ధతి ఇదే. చిన్నపిల్లలకు వాదన ఒక్కటే చాలదు కాబట్టి సమానమైన రెండు కాగితపు పట్టీలు ఇవ్వండి. ఒకదాన్ని మూడుగా, రెండోదాన్ని నాలుగుగా మడవాలి. నాలుగు మడతలు తేలికే. మూడు సమానంగా రావడానికి ఇద్దరి చేతులూ కావాలి.

గోల అవుతుంది. పక్క తరగతి వారికి ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

ప్రశ్న: మా అమ్మాయి సర్కారు బడిలో మూడో తరగతి. బడిలో కూడా ట్యాబ్ ఇస్తున్నారట. చదువు సాగుతోందో, బొమ్మలు చూస్తున్నారో మాకెలా తెలుస్తుంది?
– ఒక తండ్రి, నల్గొండ

జవాబు: ట్యాబ్‌లో ఏం చూశావని అడక్కండి. ఎవరితో కలిసి చేశావు, ఎక్కడ మీ ఇద్దరికీ మాట కలవలేదు అని అడగండి. కలిసి పని చేసిన పిల్ల దగ్గర ఏదో ఒక తగాదా కథ ఉంటుంది. వారాల తరబడి ఏ కథా లేకపోతే, ఆ పీరియడ్‌లో ఓ మూల కూర్చుని చూస్తానని ప్రధానోపాధ్యాయులను అడగండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. వచ్చే సమావేశానికి వెళ్లి, ట్యాబ్‌లు ఏ పాఠానికి, ఎంతసేపు వాడుతున్నారో అక్కడ అడగండి.