ఒక్క పేజీ రూల్స్ ఆట కొత్తవాళ్లకా, ఆడి ముదిరినవాళ్లకా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. విశాఖలో చదువుకునేటప్పుడు హాస్టల్లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ తెగ ఆడేవాళ్లం. దసరాకి బరంపురం, రాయగడ నుంచి పిన్ని పిల్లలు, మేనత్త పిల్లలు దిగుతున్నారు, ఒక్కొక్కరు ఒక పాత్రలో దూరి మాటలతో, డైస్‌తో కథ నడిపించే ఈ రోల్‌ప్లే ఆటలు ఎవరికీ తెలియవు. మూడొందల పేజీల రూల్స్ పుస్తకం చూస్తే పారిపోతారని, ఒక్క పేజీలో అయిపోయే లేజర్స్ అండ్ ఫీలింగ్స్ తీద్దామనుకుంటున్నా. మా పాత గ్రూపులో ఒకడేమో 'అలాంటివి కొత్తవాళ్లకి కాదు' అంటున్నాడు. ఎవరిది కరెక్ట్?

జవాబు: అతను అన్నది కొట్టిపారేసే మాట కాదు గానీ, అది ఆడేవాళ్లకి కాదు, ఆడించేవాళ్లకి వర్తిస్తుంది. ఆడించేది మీరే కదా, ఇంక టెన్షన్ దేనికి, తీయండి.

జాన్ హార్పర్ 2013లో తెచ్చిన ఆ ఆటలో అంతరిక్ష నౌక సిబ్బందిలో ఒక్కొక్కరు 2 నుంచి 5 లోపు ఒక అంకె ఎంచుకుంటారు. యంత్రాలతో, తర్కంతో చేసే పనికి (అదే లేజర్స్) డైస్ ఆ అంకె కంటే తక్కువ పడాలి, మనుషులతో, మనసుతో చేసే పనికి (అదే ఫీలింగ్స్) ఎక్కువ పడాలి. సరిగ్గా అదే పడితే గేమ్ మాస్టర్‌ని, అంటే ఆడించేవాళ్లని, ఒక ప్రశ్న అడిగి నిజం రాబట్టొచ్చు. ఇంతవరకు ఎవరికైనా ఐదు నిమిషాల్లో బుర్రకెక్కుతుంది.

చిక్కంతా 'ఇప్పుడేం చేస్తావు?' అని అడిగాక మొదలవుతుంది. డ్రాగన్ల ఆటలో నోరు పెగలని పిల్లాడు తన పాత్ర వివరాలు రాసున్న షీట్ వంక చూస్తాడు, అక్కడ కత్తి ఉంటుంది, మంత్రం ఉంటుంది, నక్కి దాక్కోవడం ఎంత వచ్చో రాసి ఉంటుంది, ఏదో ఒకదాని మీద వేలు పెడతాడు. ఇక్కడ షీట్ మీద ఒక అంకె, నాలుగు మాటలు, అంతే. ఏదైనా చెయ్యొచ్చు అనేసరికి బిడియస్తులకి ఏదీ తోచదు. డైస్ ఓడితే ఏమవుతుందో కూడా పెద్ద పుస్తకం చాలావరకు చెప్పేస్తుంది, ఇందులో అప్పటికప్పుడు మీరే పుట్టించాలి. వంటల పుస్తకంలో 'ఉప్పు తగినంత' అని రాసినట్టన్నమాట, చెయ్యి తిరిగినవాళ్లకి ఆ మాట చాలు. మీకు చెయ్యి తిరిగింది. అందరూ కొత్తవాళ్లే అయ్యుంటే మాత్రం, మొదటి కథ రాసిచ్చే డ్రాగన్ల ఆట స్టార్టర్ సెట్ కొనుక్కోమనేవాణ్ని.

అంతరిక్షం మీ పిల్లలకి ఎక్కదనుకుంటే అదే రూల్‌ని మీ ఊరి రైలెక్కించండి. నౌపడ నుంచి పర్లాకిమిడికి రాజావారు వేయించి 1900లో నడిపిన నేరోగేజ్ రైలు. పాతపట్నం వచ్చేలోపు రాజావారి పెట్టె మాయమైంది, వెతకాల్సింది మీ పిల్లలు. లేజర్స్ బదులు బుర్ర, ఫీలింగ్స్ బదులు నోరు. అంకె 3 ఉన్న కుర్రాడు నిద్రపోతున్న గార్డు తాళాలు కొట్టేస్తానన్నాడనుకోండి, అది బుర్ర పని, 5 పడింది, పోయింది. 'దొరకలేదు, తర్వాత ఎవరు?' అంటే ఆట అక్కడే చచ్చిపోతుంది. 'తాళాలు ఖంగున కిందపడ్డాయి, గార్డు లేచి నీ చొక్కా పట్టుకున్నాడు' అనండి. ఇప్పుడు వాడికి నోరు పని పడింది, 4 పడ్డా, అంతకంటే ఎక్కువ పడ్డా గెలుస్తాడు. వాడు బిక్కమొహం వేస్తే మీరే రెండు దారులు చూపించండి: బల్ల కింద దూరతావా, గార్డుతో ఒడియాలో మాట కలుపుతావా? కాసేపటికి ఆ రెండూ వదిలేసి మూడోది వాళ్లే చెప్తారు, చూడండి.

మరీ చిన్నపిల్లలుంటే గ్రాంట్ హౌవిట్ రాసిన హనీ హైస్ట్ ఇంకా బాగుంటుంది, ఎలుగుబంట్లు తేనె దొంగతనానికి బయల్దేరతాయి, అదీ ఒక్క పేజీయే. ఫియాస్కో జోలికి మాత్రం ఈ దసరాకి వెళ్లకండి. 2009లో వచ్చిన ఆ ఆటలో గేమ్ మాస్టర్ అంటూ ఉండరు, ప్రతి సీనూ ఆటగాళ్లే ఎత్తుకోవాలి, రూల్స్ తక్కువే గానీ కొత్తవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ కూర్చుంటారు. మీ ఫ్రెండ్ మాట అక్కడ నూటికి నూరుపాళ్లు నిజం.

డైస్ కోసం ఆర్డర్లు పెట్టక్కర్లేదు, లూడో డబ్బాలోవి చాలు. పిల్లలు ఐదుగురు దాటితే రెండు జట్లు చేసి ఒక జట్టుని సాయంత్రం ఆడించండి, లేకపోతే వంతు రానివాళ్లు ఫోన్లు తీసేస్తారు.