గ్రెఫ్‌లో చేరబోతున్న మా అల్లుడికి

ఒరే చిన్నా,

సరిహద్దుల్లో రోడ్లు వేసే బోర్డర్ రోడ్స్ వాళ్ళ గ్రెఫ్‌లో నీకు వెహికల్ మెకానిక్ పోస్టు వచ్చిందని నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. ఫోన్ పెట్టేసి మీ అత్తకి కూడా చెప్పకుండా బీరువా తీసి నా మెడల్ డబ్బా చూసుకున్నా, సంతోషమో భయమో నాకే తెలీలేదు. "మావయ్య సివిలియన్ కదా, మిలిటరీ మెడల్ ఎలా ఇచ్చారు" అన్నావంట. బోర్డర్ రోడ్స్ వాళ్ళం రా మనం, యూనిఫాం వేస్తాం, ఆర్మీ యాక్ట్‌లో కొన్ని సెక్షన్లు మనకీ వర్తిస్తాయి, అయినా లెక్కకి సివిలియన్లమే. సైన్య సేవా మెడల్, హై ఆల్టిట్యూడ్ మెడల్ లాంటివాటికి తుపాకీ పట్టక్కర్లేదు, సైన్యం ఆర్డర్ల కింద పనిచేసే సివిలియన్లూ అర్హులే. హై ఆల్టిట్యూడ్‌ది 1986లో పెట్టారు, 9,000 అడుగుల పైన 180 రోజులు ఉండాలి.

పూణేలో దిఘీలోని గ్రెఫ్ సెంటర్‌కి వెళ్ళేటప్పుడు ఒరిజినల్స్, జిరాక్సులు, ఫొటోలు, అంతే. హిందీ వచ్చేస్తుందిలే, నాకే వచ్చింది.

అసలు చెప్పాల్సింది వేరే. పోస్టింగ్ లడఖ్‌లో మన రోడ్ల ప్రాజెక్టు హిమాంక్‌కి పడితే ఇది గుర్తుపెట్టుకో. నేను డోజర్ ఆపరేటర్‌గా అక్కడున్నప్పుడు 162 రోజులయ్యాక మీ అమ్మ పెళ్ళికి సెలవు పెట్టి టెక్కలి వచ్చా. నెల రోజులు ఇంట్లో చేపల పులుసు తిని, చండీగఢ్‌లో విమానం ఎక్కి గంటలో లేహ్‌లో దిగా. లేహ్ అంటేనే 11,500 అడుగులు. మొదటిసారి వెళ్ళినోణ్ణి పలచటి గాలికి ఒళ్ళు అలవాటు పడాలని ఆరు రోజులు అక్కడే ఆపుతారు, అందులో మొదటి రెండ్రోజులు పూర్తిగా పడుకోవడమే, సెలవు నుంచి తిరిగొచ్చినోడూ మళ్ళీ ఆగాలి. నేనేమో అలవాటైనోణ్ణే కదా అని, ఇంకా 18 రోజులే బాకీ అని మూడోరోజే ఖార్దుంగ్ లా కనుమ వైపు వెళ్ళే ట్రక్కు ఎక్కేశా. తల పగిలిపోతున్నా ఎవరికీ చెప్పలేదు, చెప్తే హాస్పిటల్లో పడేస్తారు, అప్పుడు రోజులు లెక్కలోకి రావేమో అని, వస్తాయో రావో క్లర్కుని ఒక్కమాట అడిగింది కూడా లేదు. వెధవని! పొడిదగ్గు మొదలైంది, రెండోరాత్రికి పడుకుంటే ఊపిరి ఆడట్లేదు, గుండెల్లో హుక్కా పీల్చినట్టు గరగర, ఉమ్మితే గులాబీ రంగు నురగ. ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరాయి. ఆ దారిలో సౌత్ పుల్లూ చెక్‌పోస్టు దాటాక మా డేరాలో జార్ఖండ్ దుమ్కా నుంచి వచ్చిన కూలీ ఒకడు నా దగ్గు విని లేచి, నన్ను భుజాన వేసుకుని ట్రక్కు దాకా మోసి, డ్రైవర్‌ని తిట్టి మరీ లేపి కిందకి దింపించాడు. కిందకి దిగడమే మందురా దానికి, ఆక్సిజన్ ఆ తర్వాత. అప్పట్లో ఆ పాస్ మీద బోర్డులో 18,380 అడుగులని ఉండేది, నిజానికి 17,582, అయినా నాకు సగం ఎత్తుకే సరిపోయింది.

మెడల్ తర్వాత వచ్చింది, అంచు మీద నా నంబరు, పేరు చెక్కి. నన్ను మోసినోడు నాకంటే ఎక్కువ చలికాలాలు అక్కడ రాళ్ళు కొట్టాడు, రోజుకూలీ, వాడికి ఏ మెడలూ రాలేదు. అడగాలని అప్పుడు నాకు తట్టలేదు. నీ గ్యాంగులో అలాంటోళ్ళుంటే వాళ్ళ పేర్లు పంపడానికి వీలుందేమో కనుక్కో, కసురుకుంటే ఇంకోసారి కనుక్కో.

తలనొప్పి వస్తే దాచకు. దాచావని తెలిస్తే లేహ్ వచ్చి చెంప పగలగొడతా, నాకు 64 అయినా సరే. కడుపునిండా తిను, నీళ్ళు తాగుతూ ఉండు, నీకు చిన్నప్పుడే రొంప తొందరగా పట్టేది.

ఇదంతా మీ అమ్మకి తెలీదు. పెళ్ళికి రావడం వల్లే ఇలా అయిందని ఏడుస్తుందని ఇన్నేళ్ళూ చెప్పలేదు. నువ్వు చెప్పకు, రైలెక్కి వెళ్ళాక నేనే చెప్తా.

మీ మావయ్య