గోడ మీది లైసెన్సు దేనికి ఇచ్చారో చూశారా?

ప్రశ్న: మాది తిరుపతి. మా అమ్మాయికి పలమనేరు సంబంధం వచ్చింది. అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం. ఇంతకు ముందే పెళ్లయి విడిపోయాడని ఎవరో మా చెవిన వేశారు. ఇక్కడి ఒక సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లు డిటెక్టివ్ పనికీ గవర్నమెంటు లైసెన్సు ఉందని, నలభై వేలిస్తే అతని కాల్ లిస్టు కూడా తెస్తామని అంటున్నారు. నమ్మవచ్చా?

జవాబు: అడ్వాన్సు ఇవ్వకపోయి ఉంటే ఆగండమ్మా. వాళ్లు చూపించే లైసెన్సు నిజమైనదే కావచ్చు. కానీ అది 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద మనుషులకు, ఆస్తులకు కాపలా పెట్టడానికి ఇచ్చేది. పెళ్లికొడుకు గురించి వాకబు చేయడానికి దానితో సంబంధం లేదు. డిటెక్టివ్ ఏజెన్సీల కోసం 2007లో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. అందుకే ఆ పని నేరమూ కాదు, దానికి 2005 చట్టం కింద లైసెన్సూ లేదు. ఉందని చెప్పేవాళ్ల మిగతా మాటలు కూడా అనుమానించాల్సిందే.

అసలు చిక్కు కాల్ లిస్టుతోనే. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం 42వ సెక్షన్ ప్రకారం, అధికారం లేకుండా టెలికాం కంపెనీ దగ్గరి కాల్ రికార్డులు నేరుగా గానీ పరోక్షంగా గానీ సంపాదిస్తే మూడేళ్ల వరకు జైలు, లేదా రెండు కోట్ల వరకు జరిమానా, లేదా రెండూ. ఫోన్‌పేలో డబ్బు పంపాక 'నాకేం తెలీదు' అంటే పోలీసులు వినరు. పోనీ వాళ్లు ఎక్సెల్ షీటులో ఏవో నంబర్లు కొట్టిచ్చారనుకోండి, అది దొంగదని మీరెలా కనుక్కుంటారు? చట్టవిరుద్ధమైన పనికి చేసుకున్న ఒప్పందం కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద చెల్లదు కాబట్టి, డబ్బు వెనక్కి ఇప్పించమని కోర్టుకు వెళ్లినా నిలవడం కష్టం.

మీకు తెలియాల్సింది పాత పెళ్లి సంగతి. అది కాల్ లిస్టులో దొరకదు. విడాకుల కేసు ఏదైనా ఉందేమో కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ సైటులో పార్టీ పేరుతో, అంటే అబ్బాయి పేరుతో, ఉచితంగా వెతకవచ్చు. చిత్తూరు జిల్లా కోర్టులతో పాటు బెంగళూరు ఫ్యామిలీ కోర్టూ చూడండి. పెండింగువి, ముగిసినవి రెండూ చూడాలి. ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి, ఒట్టి ఇనీషియల్‌తో ఇంకోసారి కొట్టండి. ఏమీ రాకపోతే కేసు లేనట్టేనని మాత్రం అనుకోకండి.

అబ్బాయి విడాకులైన మాట ఒప్పుకుంటే డిక్రీ (కోర్టు ఇచ్చిన విడాకుల తీర్పు) సర్టిఫైడ్ కాపీ అడగండి, ఇందులో మొహమాటం వద్దు. 'పెద్దమనుషుల్లో తెగదెంపులైపోయాయి' అంటే, అలా విడిపోయే కులాచారం ఉందని రుజువైతే తప్ప చెల్లదు. మొదటి పెళ్లి రద్దు కాకుండా చేసే రెండో పెళ్లి చెల్లదు. ఆ సంగతి దాచి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద పదేళ్ల వరకు శిక్ష.

ఇంకా డిటెక్టివ్ కావాలనిపిస్తే కాగితం మీద ఒప్పందం రాయించుకోండి. ఊళ్లో, ఆఫీసులో విచారించడం, పబ్లిక్ రికార్డులు చూడడం వరకే పని అని, ఫోన్, బ్యాంకు వివరాల జోలికి పోకూడదని అందులో ఉండాలి. డబ్బు ఒకేసారి ఇవ్వకండి. బిల్లు తీసుకోండి. పని సరిగ్గా చేయకపోతే ఆ రెండు కాగితాలతోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాల్సి ఉంటుంది.