నిండు రంగుల క్రోషియా దారం విదేశంలో ఎక్కడ వెతకాలి?

నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు వైపు నుంచి కొత్తగా అమెరికాకో బ్రిటన్‌కో వచ్చిన మన ఆడపడుచులు అడిగే సందేహాల్లో దారం గురించిన సందేహం తరచుగా వినిపిస్తుంది. దుకాణంలో ఒక వరుస పొడవునా దారమే ఉన్నా అంతా లావుపాటి ఊలే కనిపిస్తోందని, రంగులు చూడబోతే బూడిద, గోధుమ, వెలిసినట్టున్న నీలం తప్ప కంటికి ఆనేవి లేవని, చేతికి అలవాటైన సన్నని నూలు దారంలో మిరపపండు ఎరుపు, చిలకపచ్చ, రాణి రంగు అసలు దొరకవా అని వారి ప్రశ్న. తప్పకుండా దొరుకుతాయి. వెతకవలసిన అర వేరు, లేబుల్ మీద చూడవలసిన మాట వేరు. ఈ రెండూ తెలిస్తే చాలావరకు ఇబ్బంది ఉండదు.

మన డెల్టాలో లేసు అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీ స్త్రీలు నేర్పగా పాతుకుపోయిన పని. నరసాపురం క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఎగుమతి బేరాల కోసం అల్లినది చాలావరకు తెలుపు, మీగడ రంగు దారంతోనే కాబట్టి, అమ్మల దగ్గర, అత్తల దగ్గర నేర్చుకున్న మన చేతులకు సన్నదనం బాగా తెలుసు గాని రంగులను జతపరచే అలవాటు తక్కువ. ఇక్కడి దుకాణాల్లోని పెద్ద వరుస చలిదేశపు అవసరాల కోసం, అంటే దుప్పట్లు, స్వెట్టర్లు, టోపీల కోసం పెట్టినది. మనకు కావలసినది సాధారణంగా ఆ వరుసలో ఉండదు. ఎంబ్రాయిడరీ దారాలు పెట్టే చోట, చాలాసార్లు అడుగు అరలో, 'క్రోషే థ్రెడ్' అన్న పేరుతో చిన్న ఉండలు ఉంటాయి. అక్కడికి వెళ్లి 10వ నంబరు దారం చూడండి. ఈ దారాల్లో అంకె పెరిగినకొద్దీ దారం సన్నబడుతుంది. 20, 30 నంబర్లు ఇంకా సన్నవి, కాని వాటిలో రంగులు తక్కువగా దొరుకుతాయి.

ఊలు అరల్లోని అంకెల పద్ధతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అమెరికా లేబుళ్ల మీద దారపు ఉండ బొమ్మలో 0 నుంచి 7 వరకు ఒక అంకె వేస్తారు. 0 అన్నింటికన్నా సన్నది, 7 అన్నింటికన్నా లావు. ఉక్కు క్రోషియా సూదుల్లో మాత్రం అంకె పెద్దదైతే సూది సన్నది. ఇన్ని రకాల అంకెలను నమ్ముకోవడం కన్నా మిల్లీమీటర్లు చూసి కొనడం మంచిదని నా అభిప్రాయం. 10వ నంబరు దారానికి సుమారు 1.5 నుంచి 1.75 మిల్లీమీటర్ల సూది సరిపోతుంది. ఇంటి దగ్గర వాడిన సూదులనే పెట్టెలో పెట్టుకుని తెచ్చుకుంటే మరీ మంచిది, చేయి కొత్త సూదికి అలవాటు పడవలసిన శ్రమ తప్పుతుంది.

ఇక లేబుల్ మీద చూడవలసిన మాట 'మెర్సరైజ్డ్'. రంగు నిండుగా ఉండడానికి అసలు కారణం ఇక్కడే ఉంది కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. జాన్ మెర్సర్ అనే ఆంగ్లేయుడు 1844లో నూలును గాఢమైన కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచినప్పుడు దాని స్వభావం మారడం గమనించాడు. చదునుగా, మెలితిరిగి ఉండే నూలు పోగు ఆ ద్రావణంలో ఉబ్బి గుండ్రబడుతుంది, బలం పెరుగుతుంది, అద్దకపు రంగును మరింతగా పీల్చుకుంటుంది. అయితే పోగు ముడుచుకుపోతుంది కూడా. 1890 ప్రాంతంలో హోరేస్ లో అనే మరొకరు నూలును ముడుచుకోనీయకుండా బిగువుగా లాగి పట్టి ఈ పని చేయడంతో దానికి పట్టులాంటి మెరుపు వచ్చింది. నున్నబడిన పోగు వెలుగును చెదరగొట్టకుండా తిప్పి పంపుతుంది కాబట్టి, ఒకే అద్దకంలో మామూలు నూలును, మెర్సరైజ్డ్ నూలును ముంచినా రెండవదాని ఎరుపు లోతుగా, తేటగా కనిపిస్తుంది. రంగులు వెలవెలపోతున్నాయని దిగులుపడేవారు ముందు దారం రకాన్ని చూడాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

అమెరికాలో సులువుగా దొరికే మెర్సరైజ్డ్ దారం ఆంట్ లిడియాస్ వారి క్లాసిక్ 10. దీనిలో తెల్లని ఉండకు 400 గజాలు వస్తే రంగు ఉండకు 350 గజాలే వస్తుంది. పెద్ద టేబుల్ గుడ్డకు లెక్క వేసుకునేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి. ఫ్రాన్సులోని ముల్హౌస్‌లో 1746లో మొదలైన డీఎంసీ సంస్థ ఎంబ్రాయిడరీ దారాల్లో 500 రంగులు ఇస్తోంది. గుమ్మానికి కట్టే తోరణంలోని చిన్న పువ్వులకు, జాకెట్టు అంచులకు దాని పెర్ల్ కాటన్ 5, 8 నంబర్లు ఎంతో బాగుంటాయి. కొంచెం లావు దారమైనా ఫరవాలేదనుకుంటే నెదర్లాండ్స్ వారి స్కేప్యెస్ కటోనా నాకు అన్నింటికన్నా ఇష్టం. అది వందకు పైగా రంగుల్లో, 10, 25, 50 గ్రాముల ఉండలుగా వస్తుంది. బొమ్మల కొలువు కోసం చిన్న చిన్న బొమ్మలు అల్లేవారికి పది రంగులు కావాలంటే పది పెద్ద ఉండలు కొనవలసిన అవసరం లేకుండా చేసింది ఈ 10 గ్రాముల ఉండే. వంటింటి గుడ్డలకు మాత్రం నీరు బాగా పీల్చే మామూలు నూలు మేలు. లిలీ షుగర్ అండ్ క్రీమ్ అందుకు తగినది.

యాక్రిలిక్ అనే కృత్రిమ దారాన్ని తక్కువగా చూడనవసరం లేదు. రెడ్ హార్ట్, బ్రిటన్‌లో స్టైల్‌క్రాఫ్ట్ స్పెషల్ డీకే వంటివి తక్కువ ధరకు చాలా గాఢమైన రంగులు ఇస్తాయి, పిల్లల దుప్పట్లకు బాగా పనికివస్తాయి. కాని వేడి ఇస్త్రీ తగిలితే ఆ దారం శాశ్వతంగా సాగిపోతుంది, మంట తగిలితే కరుగుతుంది. పూజ అరలో దీపాల దగ్గర పరిచే గుడ్డకు దాన్ని వాడవద్దు.

దుకాణాల విషయానికి వస్తే, పాతవారు చెప్పే జోఆన్ దుకాణాలు 2025లో అన్నీ మూతపడ్డాయి. అమెరికాలో మైకేల్స్, హాబీ లాబీ, బ్రిటన్‌లో హాబీక్రాఫ్ట్ చూడండి. ఏ దుకాణమైనా ఉండను కిటికీ దగ్గరకు తీసుకువెళ్లి పగటి వెలుగులో చూడనిదే కొనకండి, లోపలి దీపాల కింద నెమలికంఠం రంగు ఒకలా, బయట మరోలా ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొనేవారు వీలైతే ముందు నిజమైన దారపు ముక్కలు అంటించిన షేడ్ కార్డు తెప్పించుకోవాలి. రాణి రంగు కావలసినప్పుడు ఫ్యూషియా, మెజెంటా అన్న పేర్లతోను, చిలకపచ్చకు లైమ్ అన్న పేరుతోను వెతికితే దగ్గరి రంగులు కనిపిస్తాయి. ఒకే పనికి కావలసిన దారమంతా ఒకే డై లాట్ నంబరుతో, అంటే ఒకే విడతలో అద్దిన దారమని తెలిపే నంబరుతో, ఒకేసారి కొనాలి. పేరు ఒకటే అయినా లాట్ మారితే గుడ్డ మధ్యలో గీత గీసినట్టు తేడా తెలుస్తుంది. డిజైన్ ఏ దేశానిదో కూడా చూసుకోండి, ఎందుకంటే అమెరికా వారు సింగిల్ క్రోషే అనే కుట్టును బ్రిటన్‌లో డబుల్ క్రోషే అంటారు, అమెరికా వారి డబుల్ అక్కడ ట్రెబుల్ అవుతుంది.

ఇన్ని రంగులు చేతికి వచ్చాక అన్నింటినీ ఒకే పనిలో పెట్టాలనిపించడం సహజమే. నా మట్టుకు మన మీగడ రంగును పునాదిగా ఉంచి, దాని మీద రెండు మూడు నిండు రంగులు వేస్తేనే అల్లికలోని కన్నాలు, పువ్వులు స్పష్టంగా కనిపిస్తాయి. అయితే లేత రంగు పక్కన ముదురు ఎరుపు, ముదురు నీలం, నలుపు పెట్టే ముందు రంగు దిగుతుందేమో చూడాలి. మూర పొడవు దారాన్ని గోరువెచ్చని నీటిలో తడిపి, తెల్లని కాగితపు రుమాలులో చుట్టి, గట్టిగా నొక్కి ఆరబెట్టండి. మరక పడితే ఆ దారాన్ని అల్లకముందే ఉండ విప్పి, చిలపగా (వదులు కట్టగా) చుట్టి, నీరు తేటగా వచ్చేవరకు చల్లని నీటిలో జాడించండి. ఉప్పు, వెనిగర్ వేస్తే రంగు నిలుస్తుందన్న మాటను నూలు విషయంలో నమ్ముకోవద్దు. అప్పటికీ రంగు దిగుతూనే ఉంటే ఆ ఉండను తెలుపుతో కలపకుండా, ఉతకవలసిన పనిలేని గుమ్మపు తోరణానికి విడిగా వాడుకోండి.